కోవూరు దాటేదాకా

కావలి నుంచి నెల్లూరుకి బస్సు మా వీధి చివరే దొరుకుతుంది. అయినా ఆరేళ్లుగా ఆటో ఎక్కి స్టేషనుకి పోయి రైలే పట్టుకున్నా. రైల్లో బాత్రూమ్ ఉంటుంది, బస్సులో ఉండదు. అంతే. ఆఫీసులో మాత్రం రైలంటే సరదా అని చెప్పుకొచ్చా.

నాకు ఐబీఎస్, అంటే పేగుల్లో ఏ జబ్బూ కనపడకపోయినా మాటిమాటికీ కడుపునొప్పి, బాత్రూమ్ పరుగులు పెట్టించే సమస్య. చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడే కడుపులో మెలిపెడుతుంది. మూడుసార్లు పోయొస్తేగానీ గడప దాటలేను. రక్తం పడటం, బరువు తగ్గటం లాంటివి లేవు. కొలనోస్కోపీ దాకా అన్నీ చేశారు, అన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. అంటే ఇన్నాళ్లూ నాటకాలాడానా? ఒళ్లు మండింది. ఇంట్లో ఆవిడ చెప్పిందని కారం మానేశా, చివరికి చేపల పులుసు కూడా. నెల్లూరు జిల్లావాడు పులుసు మానేశాడంటే ఎంతకి తెగించాడో మీరే చూడండి.

పోయినేడు ఇంకో డాక్టరు సైకాలజిస్టు దగ్గరికి పొమ్మన్నారు. నాకేమన్నా పిచ్చా అని నెల రోజులు పోలేదు. పోయాక ఆ మేడం చెప్పింది: పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నరాల కణాలున్నాయట, వేగస్ నరం మీదుగా మెదడుకీ వాటికీ రాకపోకలు ఎప్పుడూ నడుస్తాయట. అక్కడ తేడా వస్తే పరీక్షల్లో ఏమీ కనపడదు, నొప్పి మాత్రం నిజం. ఆ 'నిజం' అన్న మాటతోనే ఫీజు గిట్టుబాటైంది. 1984లోనే మాంచెస్టర్‌లో వోర్వెల్ అనే డాక్టరు, మందులకి లొంగని 30 మందిని తీసుకుని హిప్నాసిస్ పనిచేస్తుందని చూపించారట. నాకు చేసింది మాత్రం సీబీటీ, అంటే మన ఆలోచనల్నీ అలవాట్లనీ గమనించి మార్చుకునేట్టు చేసే మాటల వైద్యం.

ఒక నోటుబుక్కు, మూడు గడులు. ఎప్పుడు మెలిపెట్టింది, అప్పుడేం అనుకున్నా, ఏం చేశా. రెండు వారాలకి మూడో గడి చదువుకుంటే నాకే సిగ్గేసింది. టిఫిన్ ఎగ్గొట్టా. సంచిలో ఇంకో ప్యాంటు పెట్టుకున్నా. పెళ్లికి పోయి ముందు బాత్రూమ్ చూసుకున్నా. రైలు, రైలు, రైలు. "రైలెక్కిన ప్రతిసారీ, బస్సైతే నీ పని అయిపోయేదని మీ కడుపుకి మీరే నూరిపోస్తున్నారు" అంది మేడం.

మొదట రెండిడ్లీలు తిని గడప దాటటం. తర్వాత బస్సులో సగం దూరం. ఆ తర్వాత మొత్తం.

మొత్తం పోయిన రోజు కోవూరు దగ్గర పట్టుకుంది. పెన్నా వంతెన మీద బస్సు కదలదు. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఆ చెయ్యి పైకి లేచేట్టు నిదానంగా ఊపిరి తీస్తున్నా. పక్కన కూర్చున్న అవ్వ, "ఏం నాయనా, కడుపులో నొప్పా?" అంది. "అవునవ్వా" అన్నా. బయటివాళ్లతో ఆ మాట అనటం అదే మొదలు.

బస్టాండులో దిగి బాత్రూమ్‌కే పోయా. ముందు అవ్వ మూట దించిపెట్టి పోయా.