పాటలో కలిసిన 16 హెర్ట్జ్‌ల అదురు

కింద చెక్కపని వర్క్‌షాప్, పైన నేను పాటలు వినే గది. మధ్యలో ఒకే స్లాబు. కింద రంపపు పొట్టు లాగే బ్లోయర్ వేస్తే చాలు, పైన టర్న్‌టేబుల్ మీద రికార్డు తిరుగుతుండగా వూఫర్లు, అంటే స్పీకర్లలో లోతైన స్వరాలు పలికే పెద్ద కోన్లు, పాటతో సంబంధం లేకుండా ముందుకీ వెనక్కీ ఊగేవి. దానికి తోడు సన్నగా ఒక ‘గుంయ్’ మోత. చూసినవాళ్లందరూ గోడలకు ఫోమ్ అంటించమన్నారు. ఫోమ్ గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది గానీ నేలలోంచి వచ్చే అదురును ఏమీ చేయలేదు. అందుకే ఏదైనా కొనేముందు, మోత గాలిలోంచి వస్తోందా, నేలలోంచా, తీగలోంచా అన్నది తేల్చుకుందామనుకున్నాను.

తీగ సంగతి తొందరగానే తేలింది. బ్లోయర్ ఆపించి, సూది పైకి లేపి, వాల్యూమ్ పెంచాను. గుంయ్ అలాగే ఉంది. అంటే అది కరెంటుది. టర్న్‌టేబుల్ నుంచి ఫోనో ప్రీఆంప్‌కు (సూది ఇచ్చే సన్నని సిగ్నల్‌ను ముందుగా పెంచే పెట్టె) వెళ్లే ఎర్త్ తీగ స్క్రూ దగ్గర వదులుగా ఉంది. బిగిస్తే చాలావరకు పోయింది. ప్రీఆంప్‌నీ ఆంప్లిఫయర్‌నీ దూరదూరంగా ఉన్న ప్లగ్గుల్లోంచి తీసి ఒకే బోర్డుకు మారిస్తే మిగతాదీ పోయింది. ఇలాంటప్పుడు ఎర్త్ పిన్ను పీకేయమనే సలహా ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి, షాక్ నుంచి కాపాడేదే ఆ పిన్ను.

అసలు తలనొప్పి నేలతో. పళ్లెం తిప్పకుండా, ఆగి ఉన్న రికార్డు మీద సూది ఆనించి బ్లోయర్ వేయించాను. వూఫర్లు ఊగాయి. ఫోన్‌ను నేల మీద పెట్టి, అందులోని యాక్సిలరోమీటర్‌ను (కదలికను పసిగట్టే సెన్సర్) చదివే యాప్ తెరిస్తే 16 హెర్ట్జ్, అంటే సెకనుకు 16 అదురుల దగ్గర ఒక గీత నిటారుగా లేచింది. మోటారు ప్లేటు మీద ఉన్నది 1440 ఆర్‌పీఎం, అంటే సెకనుకు 24 చుట్లు. మరి 16 ఎక్కడిది? బ్లోయర్ బెల్టుతో తిరుగుతుంది. ఫ్యాన్ పుల్లీ మోటారు పుల్లీకి ఒకటిన్నర రెట్లు ఉంది. 24ని 1.5తో భాగిస్తే సరిగ్గా 16. మోటారు జోలికి వెళ్లక్కర్లేదు, దొంగ ఫ్యానే.

ఈ 16 మరీ చెడ్డచోట పడింది. టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చేయి) బరువూ కార్ట్రిడ్జ్ (ఆ చేతి చివర సూది ఉండే భాగం) మెత్తదనమూ కలిసి మామూలుగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య అనునాదం, అంటే చిన్న అదురుకే పెద్దగా ఊగిపోవడం, వచ్చేలా ఉంటాయి. దానికి దగ్గర్లో వచ్చే అదురును సూది ఇట్టే పట్టుకుంటుంది. 20 హెర్ట్జ్ కంటే కిందిది మన చెవికి దాదాపు వినపడదు గానీ ఆంప్లిఫయర్ దాన్నీ పెంచి వూఫర్‌కు పంపుతుంది. ఇలాంటి లోతైన అదురును సిగ్నల్‌లోంచి తీసేసే రంబుల్ ఫిల్టర్ పెట్టి అక్కడితో వదిలేయొచ్చు. కానీ కింద ఫ్యాన్ బేరింగులు అరగడం దానివల్ల ఆగదు కదా!

మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, కేసింగ్ తెరిపించాం. ఇంపెల్లర్ (లోపల తిరిగే ఫ్యాన్ చక్రం) రెక్కల్లో ఒకవైపు జిగురు కలిసిన పొట్టు గట్టిగా పేరుకుపోయి ఉంది. గీకి శుభ్రం చేశాక గీత బాగా తగ్గింది. పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ పనే.

మిగిలినదానికి మెకానిక్ రబ్బరు ప్యాడ్లు తెచ్చాడు. “కాస్త ఆగు బాబూ, మెషీన్ బరువుకు ఇవి ఎంత అణుగుతాయో చూద్దాం” అన్నాను. ఒక్క మిల్లీమీటరు. దీనికొక తేలికైన లెక్క ఉంది: 15.8ని, అణిగిన మిల్లీమీటర్ల వర్గమూలంతో భాగిస్తే ఆ ప్యాడ్ల మీద మెషీన్ సహజ పౌనఃపున్యం, అంటే తట్టి వదిలేస్తే అది తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో, వస్తుంది. 1 మిల్లీమీటరుకు 15.8 హెర్ట్జ్. రబ్బరుకు నిజంలో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. అంటే అవి అదురును ఆపకపోగా అనునాదంతో పెంచుతాయి. మెషీన్ తిరిగే పౌనఃపున్యం ఈ సహజ పౌనఃపున్యానికి 1.4 రెట్లు దాటితేనే తగ్గడం మొదలవుతుంది, మూడు రెట్లుంటే గట్టి లాభం.

“రబ్బరేస్తే అదురు పెరగడమేంటి సార్?” అని నవ్వాడు. నాలుగు ప్యాడ్లూ ఊరికే కింద దూర్చి ఫోన్ చూపించాను. గీత లేచిన ఎత్తు చూసి తనే లాగేశాడు.

10 మిల్లీమీటర్లు అణిగే స్ప్రింగులు వేయించాం. లెక్క ప్రకారం 5 హెర్ట్జ్, కిందికి దిగే అదురు దాదాపు పదో వంతు. అయితే స్ప్రింగులు పెట్టి, డక్టునీ కరెంటు పైపునీ గట్టిగా బిగించి ఉంచితే అదురు వాటి గుండా స్లాబులోకి ఎక్కేస్తుంది. డక్టుకు గుడ్డ కనెక్షన్, వైరుకు వంగే పైపు వేయించాకే పైన తేడా తెలిసింది. స్విచ్ వేసినప్పుడూ ఆపినప్పుడూ ఫ్యాన్ ఆ 5 హెర్ట్జ్‌ను దాటుతుంది కాబట్టి మెషీన్ ఒక క్షణం ఒళ్లు విరుచుకుంటుంది. మొదట టెన్షన్ పడ్డాను గానీ, అది మామూలే. ఎక్కువగా ఊగకుండా పక్కన రబ్బరు అడ్డు పెట్టారు.

వూఫర్లు ఇప్పుడు పాటకే కదులుతున్నాయి. మెట్ల తలుపులోంచి గాలి హోరు మాత్రం కొంచెం వస్తుంది. తలుపు కింద సందు మూయాలి, ఎందుకంటే విస్తీర్ణంలో 1 శాతం ఖాళీ ఉన్నా ఎంత మందపు తలుపైనా 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. ఇంపెల్లర్ శుభ్రం చేసినప్పుడల్లా ఫోన్ కొలత రాసి పెడుతున్నాను. 16 ఒక్కటే పెరిగితే మళ్లీ పొట్టు పేరుకుందని అనుమానిస్తాను, దాంతోపాటు 32, 48 దగ్గరా గీతలు లేస్తే ముందు బోల్టులు చూస్తాను.