ఆటో వేషం: అట్టపెట్టె నుంచి హాలోవీన్ రాత్రి దాకా

సెప్టెంబరు 20, శనివారం

ఈసారి హాలోవీన్‌కి (అక్టోబరు 31 రాత్రి పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు తెచ్చుకునే పండగ) ఆటో అవుతానన్నాడు మా పెద్దాడు. ఆరేళ్లవాడు. ఎండాకాలం సెలవుల్లో రాజమండ్రిలో ఎక్కిన ఆటోలు ఇంకా వాడి బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. మూడేళ్ల చిన్నది మిణుగురు పురుగు అవుతుందట. పిల్లలకి నేనే వేషాలు తయారుచేయడం ఇది నాలుగో ఏడు. ఇన్నాళ్లూ వేషం అంతా అయ్యాక చేతికో టార్చిలైటు ఇచ్చి పంపేదాన్ని. నిరుడు రెండో వీధికే ఆ టార్చి చాక్లెట్ల సంచి అడుక్కి చేరింది, వాడు చీకట్లో నడిచాడు. అందుకే ఈసారి వెలుతురు వేషంలోనే ఉండాలి, వాడి చేతిలో కాదు.

మైక్రోవేవ్ వచ్చిన అట్టపెట్టె దొరికింది. పైనా కిందా కోసేసి, భుజాల మీదకి పాత సంచి పట్టీలు కుట్టాను.

అక్టోబరు 4

మొదటిసారి తొడిగి చూశాం. మా ఇంటి ముందు రెండే మెట్లు, రెండో మెట్టు మీదే తూలాడు. పెట్టె మోకాళ్ల కిందికి దిగడంతో వాడి పాదాలు వాడికే కనపడలేదు. ఇక్కడ అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా కాలనీలో దాదాపు ప్రతి గుమ్మానికీ మెట్లున్నాయి. ముందు అంచుని వంపుగా ఆరంగుళాలు కోసేశాను. వెడల్పు 20 అంగుళాల నుంచి 16కి తగ్గించాను. ఇప్పుడు చేతులు బయటికి ఫ్రీగా వస్తున్నాయి, పడబోతే ఆనుకోగలడు.

నాలుగు కర్రల మీద నిలబెట్టిన టాపు మాత్రం తీసేయాల్సి వచ్చింది. పక్కనుంచి వచ్చే కారు కనపడకుండా కర్రలు కళ్లకి అడ్డం వస్తున్నాయి. నాకు చాలా నచ్చిన భాగం అది, మనసు చివుక్కుమంది. దాని బదులు పసుపు గుడ్డతో టోపీ కుట్టాను. కర్రలు పోవడంతో బరువు కూడా 2.3 కిలోల నుంచి 1.1కి దిగింది.

అక్టోబరు 11

లైట్లు. కొన్న ఎల్ఈడీ దండల్లో ఒకటి నాణెంలాంటి గుండ్రటి బ్యాటరీతో వచ్చింది. దాని మూతకి స్క్రూ లేదు, గోటితో లాగితే ఊడొచ్చింది. వెంటనే పక్కన పెట్టేశాను. పసిపిల్లలు ఆ బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మూడు ఏఏ బ్యాటరీల డబ్బా, స్క్రూతో బిగించే మూత ఉన్న దండ తీసుకున్నాను. డబ్బాని ఆటో లోపల వీపు వైపు కుట్టేశాను. ముందు తెల్ల లైట్లు, వెనక ఎర్ర లైట్లు.

మిణుగురుకి రెక్కలు తీగ లేకుండా మెత్తటి గుడ్డతో కుట్టాను. గౌను చీలమండ పైకే. గుమ్మాల దగ్గర గుమ్మడికాయల్లో కొందరు నిజం కొవ్వొత్తులే పెడతారు, కాబట్టి వేలాడే జాలరంచులు వద్దనుకున్నాను. మా గుమ్మడికాయలో కూడా బ్యాటరీ దీపమే.

అక్టోబరు 21

నిన్న దీపావళి. గుమ్మానికి కట్టిన లైట్లలో ఒక దండ మిగిలితే మిణుగురు తోకకి పోయింది.

చీకటి పడ్డాక మా ఆయన కారుని వీధి చివర ఆపి హెడ్‌లైట్లు వేశారు. పెద్దాడు ఎదురుగా నిలబడితే చక్కగా కనిపించాడు. పక్కకి తిరగమన్నాం. లేడు! నలుపు రంగు వేసిన పక్కలు చీకట్లో పూర్తిగా కలిసిపోయాయి. గరాజ్‌లోంచి వెనక్కి వచ్చే కార్లకి కనపడేది ఆ పక్కలే. రెండంగుళాల వెండిరంగు రిఫ్లెక్టర్ టేపు నాలుగు వైపులా వేశాను, చిన్నదాని బూట్ల మడమలకి కూడా. ఈ ఒక్క పరీక్షా ఎవరైనా చేసి చూడండి, పది నిమిషాల పని.

అక్టోబరు 26

అత్తయ్యగారు మొన్ననే వచ్చారు. “పిల్లల్ని ఇంటింటికీ పంపి అడిగిస్తారేంటమ్మా?” అన్నారు. కాసేపాగి ఆవిడే, దసరాకి విల్లంబులు పట్టుకుని పంతులుగారి వెంట ఊరంతా తిరిగి పప్పుబెల్లాలు తెచ్చుకున్న సంగతి పిల్లలకి చెప్పారు. హాలోవీన్ రాత్రి గుమ్మంలో కూర్చుని వచ్చిన పిల్లలకి పంచే పని ఆవిడే తీసుకున్నారు.

చిన్నదానికి వేరుశనగ పడదు. అందుకని ఒక గుమ్మడికాయకి నెమలికంఠం రంగు వేసి గుమ్మంలో పెట్టాం. ఈ ఇంట్లో తినేవి కాకుండా వేరేవి కూడా ఇస్తారని దానికి అర్థం. 2014 నుంచి అమెరికా అంతటా ఈ పద్ధతి నడుస్తోంది. అత్తయ్యగారి పక్కన రెండు గిన్నెలు: ఒకదాంట్లో చాక్లెట్లు, ఇంకోదాంట్లో పెన్సిళ్లు, స్టిక్కర్లు.

అక్టోబరు 31, శుక్రవారం

ఐదున్నరకే దోసెలు పెట్టాను. కడుపు నిండి ఉంటే సంచిలో చెయ్యి పెట్టరు. ఆరింటికి బయల్దేరాం, ఆరున్నర దాటాక పొద్దుగుంకింది. వీధికి ఒకవైపు ఇళ్లన్నీ పూర్తిచేసి, మూలమీద దాటి, రెండోవైపు వెనక్కి వచ్చాం. ఆగి ఉన్న కార్ల మధ్యనుంచి ఒక్కసారి కూడా రోడ్డు దాటలేదు. గుమ్మంలో దీపం వెలుగుతున్న ఇళ్లకే వెళ్లాం. ప్రతి గుమ్మం ముందూ వాడు “బయ్‌బయ్” అని హారన్ కొట్టడం, వెనకాల చిన్నది తోక ఊపడం! ఒక ఇంటావిడ తెలుగులో “ఎక్కడికి బాబూ, మీటరుందా?” అని అడిగితే వాడి ముఖం వెలిగిపోయింది. ఏడున్నరకి చిన్నదాన్ని మా ఆయన ఎత్తుకున్నారు, ఎనిమిదికల్లా ఇంట్లో ఉన్నాం.

నేలమీద దుప్పటి పరిచి అన్నీ పోశాం. వేరుశనగ ఉండే స్నికర్స్, రీసెస్ చాక్లెట్లు నేరుగా పెద్దాడి వైపు. చిన్న సైజు చాక్లెట్ల మీద ఒక్కోసారి పెద్దవాటికి లేని వేరుశనగ హెచ్చరిక ఉంటుంది, కాబట్టి ప్రతి రేపరూ విడిగా చదివాను. వివరాలు లేనివి, చిరిగినవి తీసేశాను. గట్టి గుండ్రటి బిళ్లలు చిన్నదానికి ఇవ్వలేదు, గొంతుకి అడ్డం పడతాయి. దాని వాటా తగ్గినందుకు పెన్సిళ్ల గిన్నె మొత్తం దానికే ఇచ్చారు అత్తయ్యగారు.

నవంబరు 1

కుడి పట్టీ కుట్టు ఒకచోట ఊడింది, వచ్చేసారి డబుల్ కుట్టు వేయాలి. బ్యాటరీలు ఇంకా వెలుగుతున్నాయి, అయినా తీసేశాను. ఏడాది వదిలేస్తే కారి డబ్బా పాడవుతుంది. ఆటో గరాజ్‌లో ఉంది, పొద్దున్నించి వాడు అందులోనే ఉన్నాడు.