నల్లబల్ల మీద నిలువు గీత

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కమిటీ మిత్రులు రెండుసార్లు ఫోను చేశారు. రాయడానికి కూర్చుంటే నాకు అన్నిటికన్నా ముందు గుర్తుకొచ్చినది 1993లో మన తొమ్మిదో తరగతి 'బి' సెక్షన్ నల్లబల్ల, దానిపై ఇంగ్లిషు సారు రాసిన 'లైట్' అనే ఒక్క మాట.

'హి ట్రావెల్స్ లైట్' అన్న వాక్యాన్ని కిటికీ పక్క బెంచీవారు 'అతడు కాంతిలా ప్రయాణిస్తాడు' అని తెలుగు చేసిన సంగతీ, ఆనాటి నుంచి 'కాంతి' అన్న పేరు ఎవరికి స్థిరపడిందన్నదీ మీకు చెప్పనక్కరలేదు. తరగతి అంతా నవ్వింది కాని సారు నవ్వలేదు. సుద్దముక్క అందుకొని బల్ల నడుమ నిలువుగా గీత గీసి, ఒకటిగా కనిపించే ఈ మాట నిజానికి వేర్వేరు మూలాల నుంచి వచ్చిన రెండు మాటలని, వెలుగు అనే అర్థం గలదానికి సంస్కృతంలోని 'రుచి', 'రోచిస్సు' చుట్టాలైతే, బరువు లేనిది అనే అర్థం గలదానికి మనం పద్యపాదాల్లో గుర్తించే 'లఘువు' చుట్టమని చెప్పారు. బస్సు దిగడానికి వాడే 'అలైట్' కూడా ఈ రెండో గడిలోదేనట. రౌతు దిగితే గుర్రానికి భారం తగ్గుతుంది కనుక, తేలికపరచడమనే అర్థం నుంచే దిగడమనే అర్థం పుట్టిందంటూ ఆయన చంకలోని కాంపోజిషన్ నోటుపుస్తకాల కట్టను బల్లపై దించి చూపారు. గంట కొట్టినా పాఠం ఆగలేదు. తరువాతి పీరియడ్ కోసం వచ్చి గుమ్మంలో నిలబడిన తెలుగు పంతులుగారు, 'లఘువు' అన్న మాట చెవిన పడగానే లోపలికి వచ్చి, మనతో పాటు వెనుక బెంచీలో కూర్చున్నారు.

ఇరవై ఏళ్లుగా నేను హైదరాబాదులోనే, కొత్త మందుల పరీక్షల్లో పాల్గొనే రోగులు చదివి సంతకం చేయవలసిన సమ్మతి పత్రాలను తెలుగు చేస్తున్నాను. మందును 'లైట్' తగలని చోట ఉంచాలని, 'లైట్' భోజనం చేయాలని, 'లైట్‌హెడెడ్'గా ఉంటే వైద్యుడికి చెప్పాలని ఒకే పుటలో మూడు లైట్లు ఎదురైనప్పుడల్లా నా మనసులో ఆ నిలువు గీత పడుతుంది. మా అమ్మాయి 'లైట్ తీస్కో అమ్మా' అన్నప్పుడు కూడా అది ఏ గడిలోదో చూసుకోకుండా ఉండలేను.

మూడో లైటును ఎవరో 'తేలికైన తల' అని రాసి పంపితే, దానిని కొట్టివేసి 'తల తేలిపోతున్నట్టు అనిపించడం' అని దిద్దాను. ఆ కాగితాన్ని చదివించి చూడడానికి వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ సరిగ్గా ఆ పంక్తి మీద వేలు ఆనించి, "అవునమ్మా, నిన్న పొద్దున నాకు అచ్చం ఇట్లనే అయింది" అన్నారు.