జూన్ 25, మా ఇంట్లో రెండు రకాలు

పొద్దున్నే కపిల్ దేవ్ కప్పు పట్టుకున్న ఫోటో స్టేటస్ పెట్టాను. 1983, లార్డ్స్, మనవాళ్లు 183కే ఆలౌట్ అయినా వెస్టిండీస్‌ని 140కి చుట్టేసిన రోజు కదా. నాన్నయితే మదన్‌లాల్ బౌలింగ్‌లో రిచర్డ్స్ లేపిన బంతిని కపిల్ వెనక్కి పరిగెత్తి ఎలా పట్టాడో చేతిలో ఉప్మా ప్లేటుతోనే చేసి చూపించారు (సగం ఉప్మా నేలపాలు, అమ్మ చూపు నాన్న మీద). తాతయ్య మాత్రం నవ్వలేదు. "1975లో ఎమర్జెన్సీ పెట్టిందీ ఈ రాత్రేరా" అన్నారు. మర్నాడు పొద్దున రేడియోలో ఇందిరా గాంధీ గొంతు విన్నారట. ఆ 21 నెలలూ టీ కొట్టు దగ్గర కూడా మెల్లగా మాట్లాడుకునేవాళ్లమని చెప్తూ చెప్తూ, ఇప్పుడు కూడా, మా హాల్లోనే, గొంతు తగ్గించేశారు. రెండో స్టేటస్ ఏం పెట్టాలో తోచక ఫోన్ పక్కన పడేశాను.