వరంగల్‌లో నీడ దక్షిణం తిరిగే రోజులు

సూర్యుడు దగ్గరికొస్తే ఎండకాలం, దూరం పోతే చలికాలం అనుకునేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరుండేది మనం దుప్పట్లు కప్పుకునే జనవరి మొదటి వారంలోనే. అప్పుడు దూరం 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. కాలాలు మార్చేది భూమి అక్షానికున్న 23.4 డిగ్రీల ఒరుగు. ఏడాదంతా ఆ ఒరుగు ఒకే దిక్కుకు ఉంటుంది కాబట్టి, జూన్‌లో ఉత్తరార్ధగోళం సూర్యుడి వైపు వాలుతుంది, డిసెంబర్‌లో అవతలికి.

దీన్ని డాబా మీద కొలవొచ్చు. నేల నుంచి సరిగ్గా మీటరు ఎత్తుండేలా ఒక సలాక నిలబెట్టండి. వరంగల్ అక్షాంశం 18 డిగ్రీలు. డిసెంబర్ 21న మధ్యాహ్నం నీడ 88 సెంటీమీటర్లు ఉత్తరానికి పడుతుంది. మార్చి 21న 32. మే 12 ప్రాంతంలో అసలు నీడే ఉండదు. ఆ తర్వాత నీడ దక్షిణం తిరిగి, జూన్ 21కి తొమ్మిదిన్నర సెంటీమీటర్లు అవుతుంది. ఆగస్టు 1 ప్రాంతంలో మళ్లీ మాయమై ఉత్తరానికి వెళ్తుంది.

కొలత తప్పేది ఎక్కువగా గడియారం దగ్గరే. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరి సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది, వరంగల్ దానికి పడమరన 79.6 దగ్గరుంది. అందుకని ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది మే 12న సుమారు 12 గంటల 8 నిమిషాలకు. పన్నెండింటికే చూస్తే నీడ మూడు సెంటీమీటర్లు పడమరకు కనిపిస్తుంది, ‘నీడ లేని రోజు అబద్ధం’ అనిపిస్తుంది. ఫిబ్రవరి నడుమ సూర్యుడు ఆ రోజుకు అన్నిటికంటే ఎత్తుకొచ్చే సమయం 12:26, నవంబర్ మొదట్లో 11:55. ఇక సలాక ఒక్క డిగ్రీ వంగినా అంత చిన్న నీడలో దాదాపు రెండు సెంటీమీటర్ల తేడా వస్తుంది. దారానికి నట్టు కట్టి, పక్కన వేలాడదీసి సరిచూసుకోండి. నీడ కొస సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది, దాని నడుమ గుర్తు పెట్టాలి.

డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 48.6 డిగ్రీలే. ఏటవాలు వెలుగు ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది కాబట్టి నెత్తిన నిలిచిన ఎండలో చదరపు మీటరుకు పడేదానిలో ముప్పావు వంతే అందుతుంది. పగలు కూడా 11 గంటలే, జూన్‌లో 13 గంటల పైన.

మరి జూన్ 21న కాకుండా రోహిణి కార్తెలో రోళ్లు పగలడమేంటి? మే మొదలు ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఆరు డిగ్రీల లోపే ఉంటాడు. అంటే మనకు ఎండకాలానికీ వానకాలానికీ తేడా సూర్యుడి ఎత్తులో లేదు, మబ్బులో ఉంది. మిరుగు (మృగశిర కార్తె) తర్వాత నైరుతి మబ్బు కమ్మి ఎండను ఆపేస్తుంది, తడిసిన నేల ఆవిరితో చల్లబడుతుంది. ఆ నైరుతి గాలిని సముద్రం మీంచి లాక్కొచ్చేది కూడా వేసవంతా కాగిన మన ఉత్తరార్ధపు నేలే, కాబట్టి మూలం మళ్లీ ఒరుగే.