కొలిచేవాడికి బోరు ఉండదా?

నేను కాలిఫోర్నియా బే ఏరియాలో ఒక డేకేర్‌లో పనిచేస్తాను. హెచ్4 మీద, అంటే హెచ్1బి ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, వచ్చినవాళ్లలో కొందరికి 2015 నుంచి పని చేసుకునే అనుమతి ఇస్తున్నారు కదా, అలా దొరికిన పని. పసిపిల్లలకు తినిపించడం, డైపర్లు మార్చడం, నిద్రపుచ్చడం. అసిస్టెంట్‌గా ఉండిపోకుండా టీచర్ పర్మిట్ తెచ్చుకోవాలంటే కాలేజీలో చైల్డ్ డెవలప్‌మెంట్ 24 యూనిట్లతోపాటు (యూనిట్లంటే క్రెడిట్లు) జనరల్ ఎడ్యుకేషన్ 16 యూనిట్లు చదవాలి. వాటిలో ఇంగ్లిష్ తప్పనిసరి. అందుకే ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, యూనిట్‌కి 46 డాలర్లు కట్టి, కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులో చేరాను. మొదటి ఏడాది పిల్లలు చదివే కోర్సు. పేరు అకడమిక్ రీడింగ్ అండ్ రైటింగ్.

అనంతపురం జిల్లాలో మా స్కూల్లో వ్యాసం అంటే గైడులో ఉన్నది బట్టీపట్టి, ఒక్క ముక్క పోకుండా రాయడం. ఎంత గుర్తుంటే అంత మంచి పిల్ల. డిగ్రీ దాకా నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఇక్కడ మొదటి పని ఒక వ్యాసానికి సారాంశం రాయడం. ఇక్కడి వ్యవసాయ ప్రాంతం సెంట్రల్ వ్యాలీలో బోర్లు విచ్చలవిడిగా వేసి నేల కుంగిపోవడం గురించి, భూగర్భ జలాల మీద కాలిఫోర్నియా 2014లో తెచ్చిన చట్టం గురించి ఆ వ్యాసం. నేను ఒక్కో వాక్యం తీసుకుని 'రెడ్యూస్' అన్నచోట 'డిక్రీజ్' పెట్టి, ముందుది వెనక్కి మార్చి రెండు పేజీలు రాశాను. సగానికి పైగా గీతలు గీసి వెనక్కి ఇచ్చారు. పక్కన 'ప్యాచ్‌రైటింగ్' అని ఉంది. అతుకుల బొంత అన్నమాట. దొంగతనం అనలేదు కానీ నాకు అలాగే వినిపించింది. పార్కింగ్‌లో కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

రైటింగ్ సెంటర్‌లో ట్యూటర్ అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, వ్యాసం మూసేయమంది. "ఇప్పుడు ఇందులో ఏముందో నాకు చెప్పండి" అంది. నోరు పెగల్లేదు. ఇంగ్లిష్ రాక కాదు. వ్యాసం నాలుగుసార్లు చదివాను, కానీ అందులో ఏముందని ఒక్కసారీ నన్ను నేను అడగలేదు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున పది. మా చేలో వేసిన మూడు బోర్లలో రెండు ఎండిపోయాయి, శనక్కాయ పంట వాన మీదే. అమ్మకు ఇది చెప్పక్కర్లేని విషయం, అందుకే చెప్పడం తేలికైంది. "అమ్మా, ఇక్కడ కూడా బోర్లే. ఎవరి పొలం కింద నీళ్లు వాళ్లవే అనుకుని తోడేశారు. ఇప్పుడు ఏ ప్రాంతం వాళ్లు ఆ ప్రాంతంలో ఒక సంస్థ పెట్టుకుని, నీళ్లు లెక్కగట్టి, ఇరవై ఏళ్లలో సరిచేసుకోవాలంట."

అమ్మ అంతా విని, "కొలిచేది ఎవురే? కొలిచేవాడికి బోరు ఉండదా?" అంది.

మన దగ్గరా 2002లో వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) వచ్చింది, బోరు వేయాలంటే అనుమతి కావాలి. మా ఊళ్లో రిగ్గు లారీలు ఆగడం నేను చూడలేదు. అమ్మ ఆ అనుభవంతోనే అడిగింది.

ఫోన్ పెట్టేసి, అమ్మకు తెలుగులో చెప్పిన వరసలోనే ఇంగ్లిష్‌లో రాశాను. వ్యాసం తెరవలేదు. తర్వాత అంకెలు సరిచూసుకోవడానికి మాత్రం తెరిచాను. ఈసారి గీతలు రాలేదు.

చివరి పేపరుకు కూడా ఇదే విషయం తీసుకున్నాను. మన వాదన చెప్పాక, దాన్ని కాదనేవాళ్ల మాట కూడా బలంగా చెప్పి జవాబివ్వాలి. అమ్మ ప్రశ్నే అక్కడ పెట్టాను. స్థానిక సంస్థల్లో నీళ్లు తోడేవాళ్లే కూర్చుంటే తమకు తామే కోత పెట్టుకుంటారా? జవాబు కోసం రెండు వారాలు చదివాను. స్థానికులు సరిగ్గా చేయకపోతే రాష్ట్ర వాటర్ బోర్డు రంగంలోకి దిగొచ్చు. 2024 ఏప్రిల్‌లో టులారే లేక్ ప్రాంతాన్ని అలాగే ప్రొబేషన్‌లో, అంటే తన పర్యవేక్షణలో, పెట్టింది. అమ్మ ప్రశ్నకు అది పూర్తి జవాబు కాదని కూడా రాశాను. అలా రాయొచ్చని నాకు అంతకుముందు తెలియదు.

ఆ ప్రశ్న ఎవరిదో చెప్పాలి కదా అని టీచర్‌ని అడిగాను. ఫోన్‌లో మాట్లాడినా ఆధారాల జాబితాలో పేరు, తేదీ రాయాలన్నారు. ఇంటిపేరు ముందు, కామా, తర్వాత అసలు పేరు. అక్షర క్రమంలో అమ్మ పేరు వాటర్ బోర్డు కంటే పైన వచ్చింది.

"నా పేరెందుకే అక్కడ?" అంది అమ్మ.

"ఆ మాట నీది కాబట్టి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంటిపేరు స్పెల్లింగ్ సరిగ్గా రాశావా అని అడిగింది.