ఆపే మాత్ర, కదిలించే పొడి

మూడేళ్ల పాటు నా హ్యాండ్‌బ్యాగ్‌లో రెండు మందులు పక్కపక్కనే ఉండేవి. ఒకటి లూజ్ మోషన్స్ ఆపే లోపెరమైడ్ మాత్రలు. రెండోది మోషన్ కదలడానికి నీళ్లలో కలుపుకుని తాగే పొడి. సోమవారం అది, గురువారం ఇది. పొద్దున లేచాక పొట్ట ఎలా ఉందో చూసుకుని, ఆ రోజుకు ఏ మందో నేనే నిర్ణయించుకునేదాన్ని. నా బాధ అన్నాళ్లు సాగడానికి చాలా వరకు ఆ అలవాటే కారణమని తెలిసేసరికి మూడేళ్లు గడిచిపోయాయి. నాలాగే రెండు వైపులా లాగే పొట్టతో తిప్పలు పడుతున్నవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను.

నేను బడిలో లెక్కలు చెబుతాను. పీరియడ్ 45 నిమిషాలు. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా బొడ్డు కింద మెలిపెట్టడం మొదలైతే క్లాసు వదిలి వెళ్లలేను, అక్కడ నిలబడనూ లేను. అలాంటి రోజులు వారంలో రెండు ఉండేవి. మిగతా రోజుల్లో అసలు మోషన్ వచ్చేది కాదు. పొట్ట రాయిలా ఉబ్బి, సాయంత్రానికి నడుము దగ్గర బట్ట బిగుసుకుపోయేది. విరేచనాలూ మలబద్ధకమూ ఒకే మనిషికి ఎలా ఉంటాయని మా అక్క అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

చివరికి పేగుల డాక్టరు దగ్గరకు వెళ్లాను. రక్తం తక్కువగా ఉందా, గోధుమలోని గ్లూటెన్ వల్ల వచ్చే సీలియాక్ జబ్బు ఉందా అని రక్తపరీక్షలు చేశారు. పేగుల్లో వాపు ఉందేమో చూడటానికి మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేశారు. అన్నీ నార్మల్. ఆ మాట వినగానే సంతోషించాలి కదా, నాకు ఏడుపొచ్చింది. నా నొప్పి ఎవరూ నమ్మరేమో అనిపించింది. ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని, "పరీక్షలు నార్మల్ అంటే నొప్పి లేదని కాదమ్మా. పేగుకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాల్లో తేడా ఉంది. మామూలు గ్యాస్ కూడా మీ పేగు నరాలకు నొప్పిగా తెలుస్తోంది, కదలిక ఒకసారి తొందరపడుతోంది, ఒకసారి ఆగిపోతోంది" అన్నారు. ఆ రోజే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే పేరు విన్నాను, అందులో నాది మిక్స్‌డ్ రకమని తెలిసింది.

పేరు పెట్టడానికీ ఒక లెక్క ఉంది. ఇలాంటి పేగు జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మోషన్‌తోనో, ఎన్నిసార్లు వెళ్తున్నామన్నదానితోనో, మలం తీరు మారడంతోనో సంబంధం ఉండాలి, వీటిలో కనీసం రెండు కలవాలి. బాధ మొదలై ఆరు నెలలైనా అయి ఉండాలి. ఇక మిక్స్‌డ్ అనడానికి, తేడాగా ఉన్న రోజుల్లో నాలుగో వంతు కంటే ఎక్కువ సార్లు గట్టిగానూ, నాలుగో వంతు కంటే ఎక్కువ సార్లు పల్చగానూ అవ్వాలి.

ఆవిడ మొదట మందు రాయలేదు. నోట్‌బుక్ పెట్టమన్నారు. బ్రిస్టల్ చార్ట్ అని ఒకటి ఉంది. అందులో మలాన్ని 7 రకాలుగా చూపిస్తారు. విడివిడిగా గట్టి ఉండలు 1, నునుపుగా మెత్తగా ఉంటే 4, పూర్తిగా నీళ్లయితే 7. రోజూ ఆ అంకె, నొప్పి ఎంత, ఏం తిన్నాను, ఏ మందు వేసుకున్నాను, ఎలా నిద్రపోయాను అన్నీ రాశాను. మూడు వారాలయ్యాక లెక్కల టీచరుగా నాకు ఆ పేజీల్లో ఒక వరస కనిపించింది. మోషన్ లేని రోజులు మూడు. నాలుగో రోజు పొద్దున 1, అరగంటకు 5, ఇంకో గంటకు 6. నేను భయపడి లోపెరమైడ్ వేసుకుంటాను. మళ్లీ మూడు రోజులు ఏమీ ఉండదు. పొడి తాగుతాను. మళ్లీ 6, 7.

డాక్టరు ఆ పేజీ మీద వేలు పెట్టి, నేను విరేచనాలనుకున్న రోజుల్లో సగం నిజానికి పేరుకుపోయింది ఒక్కసారిగా ఖాళీ అవుతున్న రోజులేనని చెప్పారు. దాన్ని దానంతటదే ఆగనివ్వాల్సింది. నేను మాత్రతో ఆపేసి, తర్వాతి మలబద్ధకాన్ని నా చేతులతోనే మొదలుపెట్టేదాన్ని. ఇన్నాళ్లూ ఊయలను అటూ ఇటూ తోస్తూ ఎందుకు ఆగడం లేదని ఏడ్చానన్నమాట.

అప్పటి నుంచి ఒకటే పద్ధతి. ఈ రోజు పొట్టను చూసి మందు మార్చకూడదు. రోజూ అదే, అంతే.

మొదటిది ఇసబ్గోల్. దీన్ని మలబద్ధకం మందు అనే అనుకునేదాన్ని. కానీ అది నీటిని పీల్చుకుని జిగురులా అవుతుంది. గట్టిగా ఉన్నదాన్ని మెత్తబరుస్తుంది, పల్చగా ఉన్నదాన్ని కాస్త పట్టి ఉంచుతుంది. నాలాంటివాళ్లకు రెండు వైపులా పనికొచ్చేది ఇదే. అంతకుముందు పీచు మంచిదని ఎవరో చెబితే గోధుమ తవుడు తిని వారం రోజులు ఉబ్బరంతో పడుకున్నాను. అది నీటిలో కరగని పీచు, ఐబీఎస్ ఉన్న చాలామందికి బాధ పెంచుతుంది. ఇసబ్గోల్‌ను కూడా అర చెంచాతో మొదలుపెట్టి, మూడు వారాల్లో మెల్లగా రెండు చెంచాలకు తెచ్చాను. ప్రతిసారీ గ్లాసు నిండా నీళ్లు, కలిపిన వెంటనే తాగేయాలి. నీళ్లు తక్కువైతే అదే అడ్డం పడుతుంది.

రెండోది మెలిపెట్టే నొప్పికి మెబెవరిన్, భోజనానికి 20 నిమిషాల ముందు. తినగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉండేదే, నాలాంటివాళ్లకు అది అతిగా ఉంటుంది. తిన్నాక వేసుకుంటే అప్పటికే ఆలస్యం.

మూడోది ఆరు నెలల తర్వాత వచ్చింది. అమిట్రిప్టిలిన్, 10 మిల్లీగ్రాములు, రాత్రి పూట. పెట్టె మీద పేరు వెతికి చూస్తే డిప్రెషన్ మందు అని ఉంది. నాకు కోపం వచ్చింది. నా జబ్బు మనసుదే అంటున్నారా అని నేరుగా అడిగేశాను. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు దీనికి చాలా రెట్లు ఎక్కువనీ, ఇంత తక్కువ మోతాదులో పేగు నుంచి వచ్చే నొప్పి సంకేతాలను తగ్గించడానికి ఇస్తామనీ చెప్పారు. 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అట్లాంటిస్ అనే అధ్యయనం గురించి కూడా చెప్పారు. ఇంగ్లండ్‌లో 463 మందిలో కొందరికి ఇదే మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఆరు నెలలు ఇచ్చి చూస్తే, మందు వేసుకున్నవాళ్లకే ఎక్కువ మేలు కనిపించిందట. ఇది కాస్త మలబద్ధకం వైపు లాగుతుంది, నోరు ఎండిపోతుంది, మత్తుగా ఉంటుంది. మొదటి రెండు వారాలు ఫస్ట్ పీరియడ్‌లో కళ్లు మూతలు పడేవి. రాత్రి పదింటికి బదులు ఎనిమిదింటికి వేసుకోవడం మొదలుపెట్టాక అది తగ్గింది. నొప్పి తగ్గడానికి మాత్రం ఐదారు వారాలు ఆగాల్సి వచ్చింది.

తిండి విషయంలో నేను చేసిన పొరపాటు ఇంకా పెద్దది. ఏది తిన్న రోజు బాధ వస్తే అది మానేస్తూ వచ్చాను. చివరికి తినడానికి ఎనిమిది తొమ్మిది పదార్థాలే మిగిలాయి, ఐదు కిలోలు తగ్గాను. ఎవరి ఇంట్లోనైనా కూర్చుని తినాలంటే భయం. డైటీషియన్ ఆ జాబితా చూసి పక్కన పెట్టేసి, లో ఫాడ్‌మ్యాప్ పద్ధతిలో మొదటి నుంచి మొదలుపెట్టించారు. ఆస్ట్రేలియాలో మొనాష్ యూనివర్సిటీ పరిశోధకులు రూపొందించిన పద్ధతి ఇది. చిన్నపేగులో సరిగా ఇంకకుండా పెద్దపేగుకు చేరి, నీటిని లాగి, పులిసి గ్యాస్ చేసే పిండి, చక్కెర పదార్థాలను కొన్ని వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి తిని చూడాలి. చాలామంది మొదటి సగం చేసి ఆగిపోతారు. అసలు పని రెండో సగంలోనే ఉంది. ఏది పడుతుందో, ఎంత వరకు పడుతుందో తెలిసేది అక్కడే.

నాలుగు వారాలు తగ్గించాక ఉబ్బరం బాగా తగ్గింది. అయినా తిరిగి తినడానికి ధైర్యం చాలలేదు. డైటీషియన్ గట్టిగా చెబితే తప్ప కదల్లేదు. ఒక్కో రకానికి మూడు రోజులు, కొద్దికొద్దిగా పెంచుతూ, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని తిన్నాను. పాలు అర గ్లాసు వరకు ఏమీ కాలేదు. రెండేళ్లు అనవసరంగా మానేశానే అని బాధేసింది. గోధుమ కొంచెం ఫరవాలేదు. ఉల్లిపాయ, వెల్లుల్లి, యాపిల్ పడవు. అయితే వెల్లుల్లిలో నన్ను ఇబ్బంది పెట్టే ఫ్రక్టాన్ అనే పిండి పదార్థం నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. అందుకే రెబ్బలను నూనెలో వేయించి తీసేసి, ఆ నూనె వాడుకుంటాను. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం మాత్రమే వేసుకుంటాను. ఒంటికి పడేవే అయినా పాలు, గోధుమ, పప్పులు మూడూ ఒకే పూట పడితే మొత్తం కలిసి ఎక్కువైపోతుందని కూడా అప్పుడే తెలిసింది.

నేను అస్సలు ఊహించనిది చూయింగ్ గమ్. క్లాసుకూ క్లాసుకూ మధ్య షుగర్‌ఫ్రీ గమ్ నమలడం నాకు అలవాటు. అందులో తీపి కోసం వేసేది సార్బిటాల్. అదీ ఫాడ్‌మ్యాప్ జాబితాలోదే. నోట్‌బుక్‌లో దాన్ని తిండి కింద ఎప్పుడూ రాయలేదు.

ఇప్పుడు కూడా చెడ్డ రోజులు వస్తాయి. పరీక్షల పేపర్లు దిద్దే వారం, నిద్ర తగ్గిన వారం తప్పకుండా వస్తాయి. 6 వస్తే ఆ రోజు ఏమీ చేయను, నీళ్లు తాగుతాను, రోజూ వేసుకునేవే వేసుకుంటాను. ప్రయాణం ఉండి తప్పకపోతే డాక్టరు చెప్పినట్టు లోపెరమైడ్ ఒకే ఒక మాత్ర, మర్నాడు మళ్లీ వేసుకోను.

ఒక్క విషయంలో మాత్రం ఆగను. పోయిన ఏడాది ఒకసారి రక్తం కనిపించింది. ఐబీఎస్‌ కదా అని ఊరుకోకుండా మర్నాడే చూపించుకున్నాను. గట్టి మోషన్ వల్ల మలద్వారం దగ్గర చిన్న చీలిక అని తేలింది. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత, 50 దాటాక కొత్తగా మొదలైన తేడా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం. వీటిలో ఏది ఉన్నా దయచేసి ఇంట్లో మందులు మార్చుకుంటూ కూర్చోకండి, వెళ్లి చూపించుకోండి.

పోయిన నెల నోట్‌బుక్‌లో 3, 4, 5 అంకెలు కలిపి 22 రోజులున్నాయి. వచ్చే నెల మెబెవరిన్ ఒక పూట తగ్గించి చూద్దామన్నారు డాక్టరు. కొంచెం టెన్షన్‌గానే ఉంది. ఆ పేజీలు నిండాక ఏమైందో రాస్తాను.